వెండి, ఎముక, వెలుగు: ఫొటో ఎవరి చేతి పని?

మన విశ్వవిద్యాలయాల్లో ఫొటోగ్రఫీ మీద సెమినార్ జరిగితే రోలా బార్త్ పేరు రాకుండా పోదు. 1980లో వచ్చిన ఆయన పుస్తకం 'కెమెరా లూసిడా' అంతా ఒక ఫొటో చుట్టూ తిరుగుతుంది. చనిపోయిన తల్లికి అయిదేళ్ళప్పుడు, 1898లో, ఒక అద్దాల తోటలో తీసిన ఫొటో అది. దాన్ని ఆయన పుస్తకంలో అచ్చువెయ్యలేదు. అది తనకు మాత్రమే తల్లి అనీ, చదివేవాళ్ళకు వేలాది ఫొటోల్లో మరొకటేననీ ఆయన వాదన. దీనిమీద మన మేధావులు చాలా మాట్లాడారు. ఫొటో అంటే మరణం అన్నారు, జ్ఞాపకం అన్నారు, గాయం అన్నారు. మేము అడిగేది చిన్న ప్రశ్న. లోకానికి చూపకుండా దాచుకోవటానికి తల్లి చిన్నప్పటి ఫొటో ఉన్నవాడు చెప్పిన సిద్ధాంతం, దాచుకోవటానికి ఏమీ లేనివాళ్ళకు ఎట్లా వర్తిస్తుంది? మా అవ్వకు అయిదేళ్ళప్పటి ఫొటో లేదు. పెళ్ళి ఫొటో కూడా లేదు. ఆమె ముఖం మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది రేషన్ కార్డు కోసం. మా వాడలో నూటికి తొంభై ఇండ్ల సంగతి ఇదే. ఆల్బం ఉన్న ఇంటినుంచి పుట్టిన ఆలోచనను మానవజాతి మొత్తానికి సిద్ధాంతంగా చలామణి చెయ్యటం మన దగ్గర కొత్తేమీ కాదు.

అట్లాగని బార్త్‌ను తీసి అవతల పారేయమని మా ఉద్దేశం కాదు. ఆయన ఫొటోను చూసేవాడి దగ్గర మొదలుపెట్టాడు. మేము చేసినవాళ్ళ దగ్గర మొదలుపెడతాం. ఉత్పత్తి కులాల్లో పుట్టినవాళ్ళకు వస్తువును చూడగానే ఇది దేంతో చేశారు, ఎవరు చేశారు అనే ప్రశ్నలే ముందొస్తాయి.

ఫిల్ము దేంతో చేశారు? కింద పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ. దానిమీద వెండి లవణాల పూత. ఆ లవణపు పలుకుల్ని రాలిపోకుండా పట్టుకొనేది జెలటిన్. నీళ్ళలో వేస్తే ఉబ్బి మందును లోపలికి రానిస్తుంది, ఆరితే మళ్ళీ బిగుసుకుంటుంది. ఈ రెండు గుణాలూ కలిసిన పదార్థం ఇంకొకటి దొరకక, 1871లో రిచర్డ్ మాడాక్స్ జెలటిన్ పూత సంగతి ప్రకటించిన దగ్గరినుంచి ఫిల్ము కాలం మొత్తం దానిమీదే నడిచింది. అంతకుముందు గాజుపలక మీద కొలోడియన్ పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాల్సి వచ్చేది. జెలటిన్ వచ్చాకే పలకను ముందే తయారుచేసి పెట్టుకొని, తీరికగా కడుక్కొనే వీలు చిక్కింది. చేతిలో పట్టే కెమెరా, చుట్టగా చుట్టిన ఫిల్ము, ఆ తర్వాత సినిమా, అన్నీ దాని పుణ్యమే.

మరి జెలటిన్ ఎక్కడినుంచి వస్తుంది? గొడ్ల ఎముకలనుంచి, తోళ్ళనుంచి. ఎముకల్ని నలగ్గొట్టి, పలచని ఆమ్లంలో నానబెడితే సున్నపు భాగం కరిగిపోయి మెత్తటి ముద్ద మిగులుతుంది. దాన్ని ఒసీన్ అంటారు. ఆ ఒసీన్‌ను వారాల తరబడి సున్నపు నీళ్ళలో ఉంచి, కడిగి, వేడినీళ్ళలో కాచి సారం తీస్తారు. ఇది చదివిన మాదిగింటి బిడ్డ ఎవరికైనా లంద గుర్తుకురావాలె. పచ్చితోలును సున్నంలో నానేసి, వెంట్రుక ఊడగొట్టి, మాంసం గీకి, తంగేడు చెక్క కషాయంలో ఊరబెట్టటం మా తాతల పని. పదార్థం ఒకటే, దారులు రెండు. తంగేడు చెక్క తోలును కరగకుండా కట్టేస్తుంది. జెలటిన్ చేసేవాళ్ళకు అది కరగటమే కావాలి. సున్నపు గుంత దాకా రెండు పనులూ కలిసే నడుస్తాయి. ఒకదాన్ని కెమిస్ట్రీ అన్నారు, దాన్ని చేసినవాడికి ప్రయోగశాల కట్టించారు. రెండోదాన్ని అంటు అన్నారు, దాన్ని చేసినవాడిని ఊరి బయట పెట్టారు.

ఇంకో ముచ్చట చెప్పాలి. 1920ల్లో కొడాక్ కంపెనీకి ఒక చిక్కొచ్చింది. ఒక విడత జెలటిన్‌తో చేసిన ఫిల్ము వెలుగును చురుగ్గా పట్టేది, ఇంకో విడతది మందకొడిగా ఉండేది. వాళ్ళ శాస్త్రవేత్త శామ్యూల్ షెపర్డ్ ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆవజాతి మొక్కలు మేసిన గొడ్ల జెలటిన్‌లో గంధకపు సమ్మేళనాలు ఉండి ఫిల్ముకు చురుకుదనం ఇస్తున్నాయి. అంటే గొడ్డు ఏం మేసిందో ఫిల్ము చెప్పేస్తుందన్నట్టు. దీన్ని ఫొటోగ్రఫీ చరిత్రలో గొప్ప ఆవిష్కరణగా రాసుకున్నారు, రాసుకోవాల్సిందే. మా తాతలు తోలు మీద చెయ్యి వేసి ఇది కరువులో చచ్చిన గొడ్డా, మేపున్న ఇంట్లో చచ్చిన గొడ్డా అని చెప్పేవాళ్ళు. దాన్ని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

కొడాక్ వాడిన జెలటిన్ అంతా మా వాడలనుంచి పోయిందని మేము అనటంలేదు. వాళ్ళకు వాళ్ళ కసాయి కార్ఖానాలున్నాయి. కానీ మన దేశంనుంచి నలగ్గొట్టిన పశువుల ఎముకలు దశాబ్దాలపాటు విదేశీ జెలటిన్ ఫ్యాక్టరీలకు ఎగుమతి అయ్యాయి. 1960లో ప్రభుత్వరంగంలో మొదలైన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ ఊటీలో 'ఇందు' పేరుతో చేసిన ఫిల్ముకూ, బ్రొమైడ్ కాగితానికీ జెలటిన్ లేకుండా గడవదు. చచ్చిన గొడ్డును ఊరి బయటికి మోసినవాళ్ళు ఎవరు, ఎముకలు ఏరినవాళ్ళు ఎవరు అనేది ఈ దేశంలో పరిశోధన చేసి కనుక్కోవాల్సిన విషయం కాదు. పూజగదిలో దండవేసి పెట్టిన పెద్దల బ్రొమైడ్ ఫొటోలన్నీ గొడ్డు ఎముకల సారంమీద నిలబడినవే. చెప్పుతో గడప దాటనివ్వని ఇల్లు, ఆ ఫొటోకు మాత్రం రోజూ దండం పెట్టింది. తెలియక పెట్టింది అంటారా? తెలియకుండా ఉండగలగటం కూడా ఒక కులానికే దక్కిన సౌకర్యం.

ఇక చీకటిగది. కెమెరా తలుపు కన్నుమూసి తెరిచినంతసేపు వెలుగు లోపలికి వచ్చినప్పుడు ఫిల్ము మీద కంటికి కనపడే మార్పు ఏదీ జరగదు. వెలుగు తగిలిన ఒక్కో పలుకులో నాలుగైదు వెండి పరమాణువులు విడివడతాయి, అంతే. డెవలపర్‌లో వేసినప్పుడు ఆ నాలుగైదు పరమాణువులున్న పలుకు మొత్తం నల్లటి వెండిగా మారిపోతుంది. కనపడని గుర్తు కోట్ల రెట్లు పెరిగి బొమ్మవుతుంది. ఆ తర్వాత ఆమ్లం కలిపిన నీళ్ళలో ముంచి డెవలపర్ పనిని ఆపుతారు. హైపోలో వేస్తే వెలుగు తగలని వెండి లవణం కరిగిపోతుంది. అప్పుడుగానీ బొమ్మ వెలుగులో నిలబడదు. చివరికి చాలాసేపు నీళ్ళలో కడగటం. కడగటంలో లోపముంటే ఏండ్ల తర్వాత ఫొటో పచ్చబడుతుంది. ఈ మందులన్నీ 20 డిగ్రీల వేడిని లెక్కలో పెట్టుకొని చేసినవి. మన ఎండాకాలంలో కుళాయి నీళ్ళే 30 దాటుతాయి, జెలటిన్ మెత్తబడి అంచుల దగ్గర ఊడొస్తుంది. అందుకే మన స్టూడియోల్లో తొట్టి చుట్టూ ఐసుగడ్డలు పేర్చుకొనేవాళ్ళు. డెవలపర్‌లోని మెటాల్ పడక వేళ్ళు పగిలి పుండ్లు పడేవి. ఫొటో కింద సంతకం స్టూడియో యజమానిది. తొట్టిలో చేతులు పెట్టిన కుర్రవాడి పేరు ఏ ఫొటో వెనకా లేదు.

ఈ పద్ధతి గురించి రాసేవాళ్ళంతా వెలుగును కులంలేనిదిగా రాస్తారు. వెలుగుకు కులం లేదేమోగానీ, వెలుగును కొలిచే సాధనానికి ఒక చర్మం ఉంది. పాత కొలోడియన్ పలక నీలి వెలుగుకే స్పందించేది, ఎరుపుకూ పసుపుకూ కాదు. గోధుమరంగు చర్మంనుంచి వచ్చే వెలుగులో నీలం తక్కువ. కాబట్టి ఆ పలకమీద మన మనిషి కంటికి కనపడేదానికంటే ఎక్కువ నల్లగా పడ్డాడు. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' ఈ పలకల కాలానిది. మనుషుల్ని జాతులుగా, తెగలుగా విడగొట్టి అతికించిన ఆ పుస్తకంలో నలుపు ఎంత మనిషిది, ఎంత రసాయనానిది? ఆ ఫొటోల మీద వచ్చిన విమర్శ సామ్రాజ్యవాద చూపు గురించి బాగా రాసింది. పలక గుడ్డితనం గురించి దాదాపు పట్టించుకోలేదు. చూపునూ పలకనూ కలిపి చదవాలని మేము అంటున్నాం.

తర్వాత అన్ని రంగులకూ స్పందించే ఫిల్ము వచ్చింది. అయినా కొలత మారలేదు. లైట్ మీటర్ తన ముందున్న ప్రపంచాన్ని మొత్తం కలిపి మధ్యరకం బూడిదరంగుగా లెక్కేస్తుంది. తెల్లచొక్కాలు వేసుకున్న పిల్లల్ని సున్నం కొట్టిన బడిగోడ ముందు నిలబెట్టి తీస్తే, మీటర్ గోడకూ చొక్కాలకూ సర్దుతుంది, మొహాలు చీకట్లోకి పోతాయి. మా హాస్టల్ గ్రూపు ఫొటోల్లో పండ్లు, కండ్లు, చొక్కాలు మాత్రమే కనపడటానికి కారణం మా మొహాల్లో లేదు. ఫొటోగ్రాఫర్ ఒక్క మెట్టు ఎక్కువ వెలుగు రానిచ్చి ఉంటే సరిపోయేది. అది అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పిన పుస్తకాల్ని చూడండి. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ నలుపు తెలుపుల మధ్య వెలుగును మెట్లుగా విడగొట్టి చెప్పాడు. ప్రపంచమంతా ఆ మెట్లనే నేర్చుకుంది. ఆరో మెట్టు సగటు తెల్లజాతి చర్మానికి. అయిదో మెట్టులో నల్లని చర్మాన్ని బూడిదరంగు రాయి, ఎండకు మాగిన చెక్క పక్కన చేర్చాడు. ఆయన జాత్యహంకారి అని మా ఆరోపణ కాదు. మనిషికి ఒక మెట్టు కట్టి, మిగతా మనిషిని రాళ్ళ పక్కన చేర్చటం పాఠ్యపుస్తకానికి తప్పుగా తోచలేదన్నదే మా మాట.

రంగుల కాలంలో ఈ సంగతి ఇంకా బాహాటం. ప్రింటులో రంగులు సరిగా వచ్చాయో లేదో చూసుకోవటానికి కొడాక్ లాబులకు పంపిన నమూనా కార్డు మీద ఒక తెల్ల యువతి ఉండేది. షర్లీ కార్డు అని దానికి పేరు పడింది. ఆమె చర్మం బాగా వస్తే రంగులు బాగున్నట్టు లెక్క. దీనిమీద 2009లో లోర్నా రాత్ ప్రచురించిన పరిశోధన చదవాల్సింది. గోధుమ, ముదురు రంగుల తేడాలు ఫిల్ములో సరిగా రావటంలేదని గట్టిగా ఫిర్యాదు చేసినవాళ్ళు చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు. చాక్లెట్ రంగు కోసం ఫిల్ము మారింది. ఆ మార్పుతో మనుషులు కూడా కొంత బాగుపడ్డారు.

మన స్టూడియోలు ఈ లోపానికి తమదైన మందు కనిపెట్టాయి. నెగెటివ్ మీద మొహం భాగంలో సన్నటి పెన్సిల్‌తో గీసి దాన్ని నల్లబరిస్తే ప్రింటులో మొహం తెల్లబడుతుంది. టచింగ్ అనేవాళ్ళు. పెళ్ళిచూపుల ఫొటోకు టచింగ్ తప్పనిసరి. ఈ జబ్బు మనల్నీ వదల్లేదు. మన వాడల్లో అమ్మే అంబేద్కర్ క్యాలెండర్లు చూడండి. నలుపు తెలుపు ఫొటోకు రంగులేసే దగ్గర ఆయన బుగ్గలు గులాబీరంగు తేలతాయి. ఆయన పుస్తకాన్ని, వేలిని, కోటును ఎంత జాగ్రత్తగా కాపాడుకున్నామో చర్మాన్ని అంత జాగ్రత్తగా కాపాడుకోలేదు.

ఫ్రేములోకి ఎవరొచ్చారు అనే విషయం మీద ఇప్పటికే చాలా రాశారు కాబట్టి రెండు ముక్కలే చెబుతాం. 1876-78 కరువులో మద్రాసు సైన్యంలోని అధికారి విల్లోబీ వాలెస్ హూపర్ ఎముకలగూళ్ళయిన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాల్ని తుడిచిపెట్టిన కరువు అది. ఆ ఫొటోల్లో ఒక్కరికీ పేరు లేదు. 1902లో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ వరంగల్ దగ్గర నెక్కొండలో కర్జన్ దంపతుల్ని చచ్చిన పులి పక్కన నిలబెట్టి తీశాడు. ఆ ఇద్దరి పేర్లూ లోకానికి తెలుసు, పులి కూడా ప్రసిద్ధే. అడవిలో డప్పులు కొట్టి పులిని తోలుకొచ్చే పని చేసినవాళ్ళు ఫొటోలోనూ లేరు, ఫొటో కింది మాటల్లోనూ లేరు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాల్ని అచ్చువేసినప్పుడు మావాళ్ళు ఫ్రేములోకి వచ్చారు గానీ, ముక్కు కొలతలతో వచ్చారు.

ఈ వరసలో మూడోది పాస్‌పోర్ట్ సైజు ఫొటో. దీన్ని ఎవరూ కళగా లెక్కపెట్టరు. మా తరానికి మాత్రం ఫొటో అంటే అదే. స్కాలర్‌షిప్ ఫారానికి రెండు, హాస్టల్ అడ్మిషన్‌కు మూడు, కులం సర్టిఫికెట్‌కు ఒకటి. ఇంట్లో ఎవరన్నా పోతే రేషన్ కార్డుమీది ముఖాన్నో, ఓటరు కార్డుమీది ముఖాన్నో స్టూడియోకు తీసుకుపోయి పెద్దది చేయించుకొనేవాళ్ళం. ముఖం మీదికి వచ్చిన సర్కారీ ముద్ర అంచును చెరిపి, తలకు వేరే ఒళ్ళు అతికించి, కోటు తొడిగి ఇచ్చేవాళ్ళు. బతికుండగా కోటు ముట్టని మా నాయిన గోడమీద కోటులో ఉన్నాడు. బార్త్ తల్లి ఫొటోలో తల్లిని వెతుక్కున్నాడు. మేము రాజ్యం తీసుకున్న ఫొటోలోంచి మా మనుషుల్ని విడిపించుకుంటున్నాం. గుర్తింపు ఫొటో మన దగ్గరే కాదు, ఎక్కడైనా రాజ్యం పనిముట్టే. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళ మెడకు తగిలించిన పాస్‌బుక్కుల ఫొటోలకు పోలరాయిడ్ యంత్రాలు వాడుతున్నారని 1970లో బయటపెట్టింది ఆ కంపెనీలో పనిచేసే నల్లజాతి ఉద్యోగులు కారొలిన్ హంటర్, కెన్ విలియమ్స్. వాళ్ళ పోరాటం మొదలైన ఏడేండ్లకు, 1977లో, పోలరాయిడ్ ఆ దేశంలో వ్యాపారం మానుకుంది.

డిజిటల్ వచ్చాక ఇదంతా పోయిందంటారు. 1975లో కొడాక్‌లోనే స్టీవెన్ సాసన్ మొదటి డిజిటల్ కెమెరా చేశాడు. ఒక్క బొమ్మను క్యాసెట్‌కు ఎక్కించటానికి 23 సెకన్లు పట్టింది. ఆ బొమ్మే తర్వాత కొడాక్‌ను ముంచింది. 2012లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఊటీ ఫ్యాక్టరీ కూడా మూతబడింది. ఇప్పుడు ఎముకలు అక్కర్లేదు, వెండి అక్కర్లేదు, చీకటి అక్కర్లేదు. వెలుగు తగిలితే సిలికాన్ పలకమీది గుంతల్లో విద్యుత్తు పోగవుతుంది, దాన్ని అంకెలుగా మారుస్తారు. ఒక్కో గుంత మీద ఎరుపో, పచ్చో, నీలమో ఒకే గాజు ఉంటుంది, పచ్చవి మిగతావాటికి రెట్టింపు. ప్రతి చుక్కలో తక్కిన రెండు రంగులూ చుట్టుపక్కల చూసి లెక్కగట్టినవే. అంటే డిజిటల్ ఫొటోలో మూడింట రెండువంతుల రంగు ఊహ. ఆ ఊహ ఎట్లా చెయ్యాలో, మొహం ఎక్కడుందో, చర్మం ఎంత నున్నగా ఉండాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. పెన్సిల్ టచింగ్ చేసే మనిషికి కనీసం మనం ఎదురు చెప్పగలిగేవాళ్ళం. ఇప్పుడు కొన్ని ఫోన్లు అడగకుండానే టచింగ్ చేసి ఇస్తున్నాయి.

లెక్కలు కూడా ఉన్నాయి. జాయ్ బువొలంవీని, టిమ్నిట్ గెబ్రూ 2018లో మూడు కంపెనీల ముఖ పరిశీలన సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఆడా మగా గుర్తించటంలో తెల్లమగవాళ్ళ దగ్గర తప్పు 0.8 శాతం మించలేదు. నల్లని ఆడవాళ్ళ దగ్గర అది 34.7 శాతందాకా పోయింది. ఇది అమెరికా సంగతి గదా అనవచ్చు. మన దగ్గర 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఫోన్‌లో ఎక్కించటం తప్పనిసరి చేశారు. పొద్దున ఒకటి, మళ్ళీ పూట మారాక ఒకటి. సిగ్నల్ దొరకక ఫొటో ఎక్కకపోతే తవ్విన గుంత కండ్లముందే ఉన్నా హాజరు పడలేదు. గడ్డపార పట్టిన చెయ్యి సాక్ష్యం కాలేదు, ఆ చేతి ఫొటో సాక్ష్యమైంది. రెండో ఫొటో కోసం పని అయిపోయినా ఎండలో కూర్చున్నవాళ్ళలో మా వాడల ఆడవాళ్ళు ఎంతమందో లెక్కగట్టటానికి ఏ సాఫ్ట్‌వేరూ లేదు. ఫొటో తేలికయ్యేకొద్దీ ప్రజాస్వామ్యం పెరుగుతుందని రాసినవాళ్ళు ఈ ఎండలో ఒక పూట నిలబడి చూడాలి.

2016 జూలై 11న గుజరాత్‌లో ఊనా దగ్గరి మోటా సమఢియాళాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కొట్టారు. బండికి కట్టి ఊనాకు తీసుకుపోయి బజార్లో తిప్పి కొట్టారు. వీడియో తీసింది కొట్టినవాళ్ళే. దాన్ని లోకం మీదికి వదిలిందీ వాళ్ళే. తీయటం, కడగటం, పంచటం అనే మూడు పనులూ ఒక్క అరచేతిలోకి వచ్చిన యంత్రంతో, తోలు తీసిన చేతుల్ని కొట్టి, దాన్ని విజయంగా చూపించుకున్నారు. అది తమమీదే సాక్ష్యమవుతుందన్న భయం వాళ్ళకు కలగలేదు. ఫొటో సహజంగా బాధితుడి పక్షం వహిస్తుందనే ఉదారవాద నమ్మకానికి ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. ఆ వీడియో చూసిన దళితులు చేసిన పని మాత్రం ఏ ఫొటో సిద్ధాంతంలోనూ లేదు. సురేంద్రనగర్‌లో చచ్చిన గొడ్లను బండ్లకెత్తి తెచ్చి కలెక్టర్ ఆఫీసు ముందు పడేశారు. మీ తల్లిని మీరే చూసుకోండి అన్నారు. బొమ్మకు జవాబుగా బొమ్మ కాదు, పదార్థాన్నే తెచ్చి ముందు పెట్టారు.

కెమెరా మన చేతికి వచ్చిన సందర్భాలు లేవని కాదు. ముంబై సఫాయి కార్మికుల మధ్య ఏండ్ల తరబడి పనిచేసిన సుధారక్ ఓల్వే ఉన్నాడు. తమిళనాట మురుగుగుంతల్లో చనిపోయినవాళ్ళ ఇండ్లను తిరిగి తిరిగి తీసిన ఎం. పళనికుమార్ ఉన్నాడు. హైదరాబాద్‌లో పరిశోధక విద్యార్థిగా ఉంటూ రవిచంద్రన్ బత్రన్ 2010ల మొదట్లో 'దళిత్ కెమెరా' పెట్టి, చిన్న కెమెరాతో మన సభల్ని, పాటల్ని, సాక్ష్యాల్ని రికార్డు చేశాడు. ఆ వీడియోలు కొన్ని వణుకుతాయి, కొన్నింట్లో మాట సరిగా వినపడదు. సౌందర్యం తక్కువని పెదవి విరిచినవాళ్ళకు మేము చెప్పేదొక్కటే. అక్కడ మాట్లాడే మనిషిని మధ్యలో ఎవరూ కొయ్యరు. పావుగంట మాట్లాడితే పావుగంటా ఉంటుంది. టీవీ వాళ్ళు మనకిచ్చేది ఏడ్చే అరనిమిషం.

కానీ ఇవన్నీ ఇటీవలివి. అంతకుముందటి యాభై ఏండ్ల మన ముఖాలు ఎక్కడున్నాయి? మండల కేంద్రాల్లో, జిల్లా కేంద్రాల్లో మూతబడ్డ స్టూడియోల అటకల మీద ఉన్నాయి. పాస్‌పోర్ట్ ఫొటోల నెగెటివ్‌లు తేదీవారీగా కవర్లలో, పైన పేరు, ఊరు రాసి. గుర్తింపు కోసమే తీసినా అవి మన ముఖాలే. జెలటిన్‌కు చెమ్మ పడదు, బూజు తింటుంది. వాడిన హైపోలోంచి, పాత ఎక్స్‌రే ఫిల్ములలోంచి వెండి తీసే వ్యాపారం ఉన్నంతకాలం పాత నెగెటివ్‌లకు కూడా తూకం ధర పలుకుతుంది. ఆసక్తి ఉన్న పరిశోధక మిత్రులు ముందు తమ సొంత మండలంలోని స్టూడియోకు వెళ్ళి, అటక మీద ఏముందో అడిగి, కవర్ల మీది పేర్లను నోట్‌బుక్కులో ఎక్కించుకొని రావాలని కోరుతున్నాం. స్కానింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. పేర్లు ముందు.